పద్నాలుగో ప్రశ్న

కూనలపాలెంలో మిర్చి ఆకు పచ్చగా ఉండదు. చీమకుర్తి వైపు నుంచి రాళ్ళ లారీలు పోయే రోడ్డు ఆ ఊరిని ఆనుకునే ఉంది. రోడ్డుకు అవతల, రాయి కోసే మిల్లుల్లోంచి వచ్చే తెల్లటి బురదను ఎవరెవరో మూడేళ్ళుగా పారబోస్తున్నారు. ఎండితే అది పిండిలా లేస్తుంది. గాలి ఇటు తిరిగిన రోజున చేలమీద పడుతుంది. పూత రాలిపోతుంది. కల్లంలో ఆరబోసిన కాయల మీద సున్నం చల్లినట్టు పేరుకుంటుంది. ఇప్పుడా పారబోతకే ప్రభుత్వం ముద్ర వేసి, ఊరి పక్కన పేదలకు ఇచ్చిన నలభై ఎకరాల అసైన్డ్ భూమిని వ్యర్థాల యార్డు కోసం తీసుకోబోతోందని మాట వచ్చింది.

రెబ్కా ఆ ఊరికి మొదటిసారి వచ్చింది జనవరి చివర్లో, ఎన్నికలకు మూడు నెలల ముందు. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, గుంటూరు బ్రాడీపేటలో ఒక పంటి డాక్టరు క్లినిక్ పైన ఉన్న సర్వే ఆఫీసులో పనిచేస్తోంది. ఆ ఆఫీసు యజమాని జయరావు ఒకప్పుడు డిగ్రీ కాలేజీలో ఆమెకు పాఠం చెప్పిన లెక్చరరు. సగటు అంటే ఏమిటో, సగటు ఎలా మోసం చేస్తుందో ఆయన చెప్పగా విన్నదే ఆమెకు ఇప్పటికీ గుర్తు. అందుకే వేరే ఉద్యోగం వదులుకుని ఆయన పిలవగానే వచ్చింది.

"జనం మనసులో ఏముందో బొమ్మ గీసి జనానికే చూపిద్దాం రెబ్కా. ఎవడి అభిప్రాయం ఏ పార్టీకి దగ్గరో వాడికే తెలియాలి. కులం పేరు చెప్పి, కోడికూర పెట్టి ఓటేయించుకునే రోజులు పోవాలి" అన్నాడాయన ఆమె చేరిన రోజున.

పని తేలికగానే అర్థమయ్యేది. ఇరవై ప్రశ్నలు. కౌలుదారుకు కార్డు ఇవ్వాలా, మద్యం దుకాణాలు తగ్గించాలా, కాలువ నీళ్ళు ముందు ఎవరికి, ఇలాంటివి. ప్రతి ప్రశ్నకూ అవును, కాదు, తెలియదు. రెండు పెద్ద పార్టీల జవాబులు కూడా వాళ్ళ మేనిఫెస్టోల్లోంచి, నాయకుల ఉపన్యాసాల్లోంచి ఏరి పెట్టుకున్నారు. ఒక పార్టీ గుర్తు గొడుగు, రెండోదానిది తక్కెడ. అన్నీ కంప్యూటరులో వేస్తే ఒకేలా జవాబిచ్చినవాళ్ళు తెరమీద దగ్గర దగ్గరగా చుక్కలై కనిపిస్తారు. వేరుగా చెప్పినవాళ్ళు దూరంగా పోతారు. జనానికి బూడిదరంగు చుక్కలు, గొడుగుకు ఊదా చుక్క, తక్కెడకు గోధుమరంగు చుక్క. పద్నాలుగో ప్రశ్న ఇది: గ్రానైటు వ్యర్థాల యార్డుకు ఊళ్ళ పక్కన భూమి ఇవ్వవచ్చా?

కూనలపాలెంలో రాఘవమ్మ కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. అరవై దాటిన మనిషి. అసైన్డ్ భూమిలో ఎకరంన్నర ఆమెది. దవడలో పొగాకు ముక్క, నెత్తిన తువ్వాలు. రెబ్కా ట్యాబ్ పట్టుకుని పక్కన చతికిలబడింది.

"ఏ పార్టీ తరపున?" అంది రాఘవమ్మ తలెత్తకుండా.

"ఏ పార్టీ కాదు పెద్దమ్మా. మీ మనసులో ఉన్నదే రాసుకుంటాను."

"రాసుకుని?"

"మీ అభిప్రాయం ఎవరికి దగ్గరగా ఉందో బొమ్మలో చూపిస్తాం."

"సరే, అడుగు. చేతులకు పని ఉంది గాని నోటికి లేదు."

మొదటి పదమూడు ప్రశ్నలకూ టకటకా జవాబు చెప్పింది. పద్నాలుగో దగ్గర ఆగింది. చేతిలో కాయ తీసి రెబ్కా అరచేతిలో పెట్టింది. "ఊదు" అంది. రెబ్కా ఊదితే తెల్లటి పొడి లేచి కళ్ళజోడు మీద పడింది.

"మిర్చి యార్డులో కొనేవాడు ఈ కాయ చూసి మొహం తిప్పుకుంటాడు. కడుగుదామా, కడిగితే బూజు. మా మనవరాలు అఖిలకి ఏడేళ్ళు. పొద్దున లేస్తే దగ్గే. ఇంకా నలభై ఎకరాలు పోస్తే మేము తినేది ఏంది, పీల్చేది ఏంది? వద్దు. వద్దంటే వద్దు. ఎన్నిసార్లు రాసుకోవచ్చు నీ దాంట్లో?"

"ఒక్కసారే పెద్దమ్మా."

"అయితే గట్టిగా రాయి."

పోయేముందు రెబ్కా ఆమె ఫోటో తీసుకుంది. ఫైలు కోసమని చెప్పింది. అప్పటికి అది నిజమే అనుకుంది.

ఆ ఊళ్ళో రెండువందల పన్నెండు మందిని అడిగితే నూట తొంభై ఆరుగురు యార్డు వద్దన్నారు. ఆమె తిరిగిన మిగిలిన ఊళ్ళూ అంతే. అన్నీ కలిపి బొమ్మ వేసిన మధ్యాహ్నం, తెర చూసి రెబ్కా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. బూడిద చుక్కలన్నీ ఒకచోట గుంపుగా, తేనెపట్టులా ఉన్నాయి. గొడుగూ తక్కెడా ఆ గుంపుకు దూరంగా, పై మూలన, ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉన్నాయి. ఊళ్ళలో ఒకరి తలలొకరు పగలగొట్టుకునే రెండు పార్టీల మధ్య వేలు పట్టే సందు లేదు. వాటికీ జనానికీ మధ్య మాత్రం తెరలో సగం ఖాళీ.

జయరావుని పిలిచి చూపించింది. ఆయన బజ్జీ తింటూ వచ్చాడు. చూశాడు. నమలడం ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"బాగుంది. క్లాసులో చూపించుకోవడానికి బాగుంది. దీన్ని ఎవడు కొంటాడు?"

"కొనడమేంటి సార్? జనానికి చూపిస్తామన్నారుగా."

"జనం మనకి అద్దె కడతారా? గొడుగు వాళ్ళు ఒక బొమ్మ అడుగుతున్నారు. సరే, పద్నాలుగు తీసెయ్యి."

"అంటే?"

"ఆ ప్రశ్న పక్కన టిక్కు తీసెయ్. కౌలు కార్డుల ఆరోది, మద్యం పదిహేడోది కూడా తీసి చూడు."

ఆమె తీసింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా తన వేలే ఆ పని చేసిందన్నది మారలేదు. మూడు టిక్కులు తీయగానే ఊదా చుక్క మూలనుంచి జారుకుంటూ వచ్చి గుంపు మధ్యలో కూర్చుంది. పెళ్ళి పంక్తిలో పిలవకుండా వచ్చి కూర్చున్నవాడిలా. తొమ్మిదో ప్రశ్న ఇంకా ఉండటంతో తక్కెడ చుక్క మూలనే ఉండిపోయింది.

"ఇది అబద్ధం సార్."

"ఎక్కడుందమ్మా అబద్ధం? మిగిలిన పదిహేడు ప్రశ్నలకీ జవాబులు నిజమేగా. ఒక్క అంకె మార్చామా?" ఆయన వేళ్ళకున్న నూనె కాగితానికి తుడుచుకుని, ఆ కాగితం ఉండచేసి ఆమె బల్లమీదే పెట్టాడు. ఒకప్పుడు సగటు చేసే మోసాల గురించి చెప్పిన గొంతే అది. అప్పుడు పిల్లలను జాగ్రత్తపడమని చెప్పాడనుకుంది. రెబ్కా ఆ ఉండను చెత్తబుట్టలో వేసింది. ఆఫీసులో ఆడుకునే చిత్తుబొమ్మే కదా అని తనకు తాను చెప్పుకుంది.

ఫిబ్రవరిలో గొడుగు పార్టీ కూనలపాలెంలో మీటింగు పెట్టింది. పెద్ద తెర ఉన్న వ్యాను వచ్చింది. బొమ్మ నడపడానికి జయరావు రెబ్కాని తీసుకెళ్ళాడు. సాయంత్రం నాలుగింటికే ఎండలో జనాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టారు. బిరియానీ పొట్లాలు ఒక ట్రాలీలో ఉన్నాయి, మీటింగు అయ్యాకే పంచుతామని మైకులో రెండుసార్లు చెప్పారు. ఎండకు వాటి వాసన పులిసి వేదిక దాకా వస్తోంది. వేదిక పక్కన కాలువలో తెల్లటి నీళ్ళు పాల్లా నిలబడి ఉన్నాయి. అభ్యర్థి ఆ కాలువ దాటేటప్పుడు పంచె ఎత్తి పట్టుకుని, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దాటాడు. దాటాక రుమాలు జేబులో పెట్టి నవ్వు మొహం పెట్టాడు.

తెరమీద బొమ్మ పడింది. గుంపు మధ్యలో ఊదా చుక్క. తక్కెడ ఎక్కడో మూల. "మీ మనసే మా మాట! కూనలపాలెం ఎనభై ఏడు శాతం గొడుగుతోనే!" అని అక్షరాలు వెలిగాయి. ఆ పక్కనే రాఘవమ్మ ఫోటో. తువ్వాలు కట్టుకుని, చేతిలో మిరపకాయతో. ఆ ఫోటో ఇందులో ఉందని రెబ్కాకు అప్పటిదాకా తెలియదు.

రాఘవమ్మ రెండో వరసలో కూర్చుని ఉంది. తన మొహం అంత పెద్దదిగా చూసి ముందు నోరు తెరిచింది. తర్వాత లేచి నిలబడింది.

"అయ్యా, ఆ యార్డు సంగతి నేను వద్దని చెప్పాను. అది ఇందులో ఉందా?"

కుర్చీల్లో గుసగుస లేచింది. అభ్యర్థి మైకు దగ్గరికి లాక్కున్నాడు. "అమ్మా, మీరు చెప్పిందంతా అందులోనే ఉంది. మిమ్మల్ని అడిగిన అమ్మాయి ఇక్కడే ఉందిగా. ఏమ్మా, చెప్పమ్మా. అన్నీ తీసుకున్నారా?"

మైకు రెబ్కా చేతికి వచ్చింది. ల్యాప్‌టాప్‌లో అసలు ఫైలు అలాగే ఉంది. మూడు టిక్కులు పెడితే చాలు, ఊరంతా చూస్తుండగా ఆ చుక్క మూలకు పారిపోతుంది. జయరావు ఆమెవైపే చూస్తున్నాడు. వ్యాను చుట్టూ కండువాలు వేసుకున్న పాతిక మంది మగవాళ్ళు. రెబ్కా మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"అన్నీ... లెక్కలోకి తీసుకున్నామండి" అంది.

రాఘవమ్మ ఆమెను చూసింది. కోపంగా కాదు. పుచ్చుకాయ కోసి లోపల కుళ్ళు చూసినప్పుడు చూసినట్టు చూసింది. తర్వాత పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మి, కుర్చీ జరిపి ఇంటికి వెళ్ళిపోయింది. అభ్యర్థి రెబ్కా భుజం తట్టాడు. ఆ చెయ్యి తడిగా ఉంది.

గుంటూరు వచ్చాక రెండుసార్లు స్నానం చేసినా ఆ తడి పోలేదనిపించింది ఆమెకు. మర్నాడు పొద్దున తల్లి సంతోషకుమారి ఉప్మా పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆమె ముప్పై ఏళ్ళు చర్చి హాస్టల్లో వార్డెనుగా చేసింది. ఏడ్చే ఆడపిల్లలను చూసి చూసి, సముదాయించడం ఎప్పుడో మానేసిన మనిషి. కూతురు జరిగిందంతా చెబితే విన్నది.

"నామీద నాకే రోతగా ఉందమ్మా."

"ఉండాలి. నాకు చెప్తే ఏం లాభం? ఆ ముసలామెకు చెప్పు."

రెబ్కా ముందు ఆఫీసుకు వెళ్ళింది. రాజీనామా కాగితం ఇస్తే జయరావు చదవకుండానే మడిచాడు.

"ఎవరిమీద అలుగుతున్నావు? బొమ్మ చేసింది నువ్వు. మైకులో చెప్పింది నువ్వు. నేను ఒక్క మాటైనా మాట్లాడానా ఆ ఊళ్ళో?"

"లేదు సార్. అన్నీ నాతోనే చేయించారు."

"లోకం తెలియదు నీకు. అటు తక్కెడ వాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళకీ ఎవడో చేస్తాడు."

ఆమెకు ఆయన్ని తిట్టాలనిపించలేదు. ఒకప్పుడు ఈ మనిషి క్లాసులోకి వస్తుంటే లేచి నిలబడేవాళ్ళమని గుర్తొచ్చింది. మెట్లు దిగి, అదే వీధిలో ఉన్న ఫ్లెక్సీ షాపులో ఇరవై ప్రశ్నల అసలు బొమ్మను నాలుగడుగుల వెడల్పున అచ్చు వేయించింది. మధ్యాహ్నం బస్సెక్కి, మిగిలిన దూరం ఆటోలో పోయి కూనలపాలెంలో దిగింది.

రాఘవమ్మ ఆమెను చూడగానే చీపురు ఎత్తింది. కొట్టడానికి కాదు, కల్లం ఊడవడానికే. కాని తెల్లదుమ్ము రెబ్కా మీదికి వచ్చేలాగే ఊడ్చింది. "మళ్ళీ ఫోటో కావాలా?"

"నేను అబద్ధం చెప్పాను పెద్దమ్మా. మీరు చెప్పింది వాళ్ళు తీసేశారు. వాళ్ళు కాదు, నేనే తీశాను. ఇదిగో, ఇది అసలుది."

ఫ్లెక్సీ నేలమీద పరిచింది. పక్కింటి బాపయ్య కూడా వచ్చి నిలబడ్డాడు. ట్రాక్టరు నడుపుతాడు, ఇరవై ఏళ్ళుగా గొడుగు జెండా మోస్తున్నాడు. తక్కెడ వాళ్ళతో గొడవలో ముందు పళ్ళు రెండు పోగొట్టుకున్నాడు. రెబ్కా ఒక్కొక్కటే వేలు పెట్టి చెప్పింది. ఇది మీరు. ఇది ఊరు. ఇవి పార్టీలు.

రాఘవమ్మ వంగి చాలాసేపు చూసింది. "ఈ మధ్యలో ఖాళీ ఏంది?"

"మీకూ వాళ్ళకూ ఉన్న దూరం."

బాపయ్య ఊదా చుక్క మీద ఒక వేలు, గోధుమరంగు చుక్క మీద ఇంకో వేలు పెడదామని చూశాడు. రెండు వేళ్ళూ పట్టలేదు. "ఇదేందమ్మాయ్! అయితే నా పళ్ళు ఊడింది వీళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోడానికా?" అన్నాడు. నవ్వబోయి ఆపేశాడు.

రాఘవమ్మ నడుము నిటారు చేసుకుంది. "నిన్న నువ్వు చెప్పలేదు. అది నేను మరిచిపోను. వచ్చే బుధవారం గ్రామసభ ఉంది, యార్డు గురించే. రా. వచ్చి అందరిముందూ ఇదే చెప్పు. అప్పుడు మంచినీళ్ళిస్తా."

గ్రామసభ స్కూలు గదిలో జరిగింది. రెబ్కా లేచి మాట్లాడబోతే పంచాయతీ కార్యదర్శి అడ్డం వచ్చాడు. "మీరు ఈ ఊరి ఓటరు కాదుగా మేడమ్."

"నేను పిలిచాను. నా తరపున మాట్లాడుద్ది" అని రాఘవమ్మ అరిచింది.

రెబ్కా ఫ్లెక్సీ గోడకు తగిలించి, తాను చేసింది దాచకుండా చెప్పింది. ఎవరి మాట తీసేశారో, ఎందుకు తీశారో చెప్పింది. రెండు పార్టీలూ యార్డుకు సరే అన్నాయని వాళ్ళ నాయకుల మాటలు తేదీలతో చదివింది. గొడుగు వాళ్ళు ఈలలు వేశారు. "ఎంత తీసుకున్నావే?" అని ఒకడన్నాడు. వెనక బెంచీమీద తక్కెడ పార్టీ మండల నాయకుడు ఫోనులో వీడియో తీసుకుంటూ తల ఊపుతున్నాడు.

అభ్యంతర పత్రం మీద సంతకాలు చెయ్యండని కార్యదర్శి బల్లమీద పెట్టాడు. రాఘవమ్మ మొదటి వేలిముద్ర వేసింది. బాపయ్య రెండోది. తర్వాత జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రెండు పార్టీల నాయకులూ తలుపు దగ్గరే నిలబడి, ఎవరు బల్ల దగ్గరికి పోతున్నారో చూస్తున్నారు. ఒకడికి తల్లి పింఛను గుర్తొచ్చింది, ఒకడికి కాంట్రాక్టు గుర్తొచ్చింది. ఇంకొకడు ఫోను మోగకపోయినా చెవిన పెట్టుకుని బయటికి పోయాడు. నూట తొంభై ఆరుగురు వద్దన్న ఊళ్ళో చివరికి పడినవి ముప్పై ఒక్క సంతకాలు. తన ట్యాబ్ ముందు గుండెలు బాదుకుని చెప్పిన మనుషులే చూపు తప్పించి పోతుంటే రెబ్కాకు వాళ్ళమీదా అసహ్యం వేసింది. మైకు పట్టుకున్న తన చెయ్యి గుర్తొచ్చి ఆ అసహ్యాన్ని మింగుకుంది. రాఘవమ్మ అన్నమాట ప్రకారం మంచినీళ్ళిచ్చింది.

రెండు రోజుల్లో ఆ వీడియో జిల్లా అంతా తిరిగింది. అందులో రెబ్కా గొడుగు గురించి చెప్పిందే ఉంది. తక్కెడ గురించి చెప్పింది లేదు. గోడమీది ఫ్లెక్సీలో కూడా గోధుమరంగు చుక్క ఉన్న అంచును కత్తిరించేశారు. "గొడుగు మోసం బయటపెట్టిన చదువుకున్న బిడ్డ" అని కింద రాశారు. ఆ వారమే జయరావు ఫోను చేశాడు.

"చూశావా, ఫేమస్ అయిపోయావు. తక్కెడ వాళ్ళు నాతో మాట్లాడారు. నువ్వుంటేనే పని ఇస్తామంటున్నారు. వాళ్ళకి తొమ్మిదీ పద్నాలుగూ తీస్తే చాలట."

అవతల ఆయన ఏదో నములుతున్న చప్పుడు వినిపించింది. రెబ్కా ఫోను చెవికి దూరంగా పట్టుకుని, పెట్టేసింది.

ఎన్నికల్లో తక్కెడ గెలిచింది. తర్వాత రెబ్కా ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పడానికి చేరింది. జులైలో ఒక ఆదివారం బాపయ్య ఫోను చేసి రమ్మన్నాడు. కూనలపాలెంలో యార్డు రద్దయింది. ముప్పై ఒక్క సంతకాల మీద కోర్టుకు పోతారేమోనని కొత్త ప్రభుత్వం దాన్ని నాలుగు కిలోమీటర్ల అవతల జువ్వలపాడుకు మార్చింది. రెబ్కా వెళ్ళేసరికి ఊళ్ళో కొబ్బరికాయలు కొడుతున్నారు. సంతకం చెయ్యనివాళ్ళు కూడా తామే గెలిపించామన్నట్టు తిరుగుతున్నారు. ఆమె చేతిలో లడ్డూ పెట్టారు. అది చేతిలోనే చెమటకు మెత్తబడింది.

"తినవేం?" అంది రాఘవమ్మ.

"జువ్వలపాడులో కూడా నేనే అడిగాను పెద్దమ్మా. రెండువందల ముప్పై మందిలో రెండువందల పదిహేను మంది వద్దన్నారు."

రాఘవమ్మ కొబ్బరికాయలు కొడుతున్నవాళ్ళ వైపు చూసింది. తన వంతు కొబ్బరిచెక్క అఖిల చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుంది. "బాపయ్యా, ట్రాక్టరు తియ్యి" అంది.

జువ్వలపాడులో మొదటి ఇంటి అరుగుమీద పత్తిచేనికి మందు కొట్టి వచ్చిన రైతు కాళ్ళు కడుక్కుంటున్నాడు. యలమంద ఆయన పేరు. రెబ్కా సంగతి చెప్పడం మొదలుపెట్టగానే చెంబు నేలకేసి కొట్టాడు.

"మీ ఊరి బురద మా నెత్తిన పోసి, ఇప్పుడు మమ్మల్ని ఓదార్చడానికి వచ్చారా? సిగ్గుందా మీకు? పోయి మీ లడ్డూలు మీరు తినండి!"

బాపయ్య ఏదో అనబోయాడు. రాఘవమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అవునయ్యా, మా నెత్తిమీది నుంచి మీ నెత్తిమీదికి తోలాం. మా ఊళ్ళో సగం మందికి అది పండగలాగుంది. చూడలేక వచ్చాను." అరుగు చివర కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంది. "తిట్టుకో. తిట్టడం అయిపోయాక, మేం ఏ కాగితం పెట్టామో, ఎవరెవరు తలుపు దగ్గర నిలబడి భయపెట్టారో చెప్తా. ఈ పిల్ల రాసిపెడుద్ది."

యలమంద చాలాసేపు తిట్టాడు. రెండు పార్టీలనూ, ఆ పక్క ఊరినీ, రెబ్కా చదువునూ, ఎవర్నీ వదల్లేదు. రెబ్కా సంచిలోంచి తెల్లకాగితాలు తీసి మోకాలి మీద పెట్టుకుని, ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగింది.

"మీ పూర్తి పేరు చెప్పండి. సంతకం చేస్తారా, వేలిముద్రా?"